‘విశాఖ’ పట్టింది.. ‘విశాఖపట్నం’ పట్టలేదు! సాఫ్ట్‌వేర్‌లో ఈ సైజు గొడవ ఏంటో తెలుసా?

విశాఖపట్నం పేరును ఇంగ్లీషులో రాస్తే 13 అక్షరాలు. కంప్యూటర్ మెమరీలో అది పట్టే చోటు 13 బైట్లు. అదే పేరును తెలుగులో రాస్తే 30 బైట్లు కావాలి. ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్‌లో ఊరి పేరు కోసం 20 బైట్ల గడి పెట్టారనుకోండి. ఇంగ్లీషు పేరు హాయిగా సర్దుకుంటుంది. తెలుగు పేరు మాత్రం మధ్యలో తెగిపోతుంది. లేదంటే ఫామ్ మొత్తం రిజెక్ట్ అవుతుంది. ఇక్కడ తప్పు ఊరిదీ కాదు, భాషదీ కాదు. ఎప్పుడో ఎవరో కోడ్ రాస్తూ ‘20 చాలులే’ అనుకోవడమే అసలు కారణం.

సమాచారాన్ని దాచే గడి ఎంత ఉండాలి? ముందే ఒక సైజు ఫిక్స్ చేసేయాలా? లేక వచ్చే సమాచారాన్ని బట్టి పెరగనివ్వాలా? సాఫ్ట్‌వేర్ రంగంలో దశాబ్దాలుగా నడుస్తున్న ప్రశ్న ఇది. వినడానికి చిన్నదే. కానీ దీన్ని సరిగ్గా చూసుకోకపోతే విమానాలు ఆగిపోయాయి. వేల మంది కరోనా పేషెంట్ల వివరాలు లెక్కలోంచి మాయమయ్యాయి. 

2025 అక్టోబర్ 14న విశాఖలో ఏఐ హబ్ పెడుతున్నట్లు గూగుల్ ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అని చెప్పింది. రుషికొండ కొండల మీద ఐటీ ఆఫీసులు ఇప్పటికే ఉన్నాయి. పోర్టు, స్టీల్ సిటీగా పేరున్న ఊళ్లో ఇప్పుడు కోడ్ రాసే కుర్రాళ్లు పెరుగుతున్నారు. వాళ్లు రోజూ ఎదుర్కొనే ఈ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. విశాఖ పోర్టును, స్టీల్ ప్లాంట్‌ను చూస్తే చాలు.

ముందు ‘లైబ్రరీ’ అంటే ఏంటి?

ప్రతి యాప్‌ను ఎవరూ మొదటి నుంచి చివరి దాకా తామే రాయరు. పేర్లు దాచడం, లిస్టులు పెట్టడం, ఫొటో తెరవడం, డేటా పంపడం లాంటి పనులకు ముందే రాసి పెట్టిన కోడ్ ఉంటుంది. దాన్నే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అంటారు. మసాలా ఇంట్లో దంచుకోకుండా ప్యాకెట్ తెచ్చుకున్నట్లే. 

కానీ ఇక్కడో మెలిక ఉంది. ఇంట్లో దంచిన మసాలాలో ఉప్పు ఎక్కువైతే ఆ ఒక్క ఇంటి కూరే పాడవుతుంది. ప్యాకెట్‌లో ఎక్కువైతే? కొన్నవాళ్లందరి కూరా పాడవుతుంది. లైబ్రరీలో గడి సైజు తప్పు పడితే దాన్ని వాడే వేల యాప్‌లకు ఆ తప్పు పాకుతుంది. అందుకే మామూలు ప్రోగ్రామ్ రాసేవాళ్ల కంటే లైబ్రరీ రాసేవాళ్లకు ఈ నిర్ణయం చాలా కీలకం. తమ కోడ్‌ను రేపు ఎవరు, ఏ భాషలో, ఎంత డేటాతో వాడతారో వాళ్లకు ముందుగా తెలియదు మరి.

పోర్టులో కంటైనర్.. కోడ్‌లో అర్రే

విశాఖ కంటైనర్ టెర్మినల్ దగ్గర వరుసగా పేర్చిన ఇనుప పెట్టెలు చూసే ఉంటారు. ఎక్కువగా 20 అడుగులవి, 40 అడుగులవి. లోపల రొయ్యలున్నా, యంత్రాలున్నా పెట్టె కొలత మారదు. 

ఎందుకంత పట్టుదల? కొలత మారకపోతే క్రేన్‌కు ముందే తెలుసు. లారీకి తెలుసు. ఓడకు తెలుసు. ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. మూడో వరుసలో ఐదో పెట్టె ఎక్కడుందో టేపు పట్టుకుని కొలవక్కర్లేదు, లెక్క వేస్తే చాలు. 1956 ఏప్రిల్‌లో అమెరికాలో ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 కంటైనర్లతో బయల్దేరింది. ఆ తర్వాత ప్రపంచ సరుకు రవాణా మొత్తం మారిపోయింది. ఆ మార్పు వెనకున్న అసలు బలం ఈ ఫిక్స్‌డ్ సైజే.

కోడ్‌లో దీనికి సమానమైనది ‘అర్రే’. వంద గడులు కావాలని ముందే చెబుతారు. మెమరీలో వంద గడులు పక్కపక్కనే రెడీ అవుతాయి. 57వ గడి ఎక్కడుందో ఒక గుణకారం, ఒక కూడికతో తెలిసిపోతుంది. వేగం ఎక్కువ. ఎంత మెమరీ ఖర్చవుతుందో పైసాతో సహా ముందే తెలుసు. 

మరి నష్టం? అది కూడా పోర్టులో కనిపిస్తుంది. సరుకు సగమే ఉన్నా పెట్టె మొత్తం చోటు ఆక్రమిస్తుంది. సరుకు ఎక్కువైతే పెట్టె సాగదు.

చిన్న లెక్క చూద్దాం. 10 లక్షల మంది పేర్లు దాచాలి. ఎందుకైనా మంచిదని ఒక్కో పేరుకు 200 బైట్ల గడి పెట్టారు. మొత్తం 20 కోట్ల బైట్లు, అంటే దాదాపు 200 ఎంబీ. కానీ సగటున పేరు 30 బైట్లే ఉంటే, నిజంగా పేర్లకు కావాల్సింది 30 ఎంబీ మాత్రమే. మిగతాదంతా ఖాళీ పెట్టెలను మోసినట్లే.

పెరిగే డబ్బా ఎలా పెరుగుతుంది?

ఇక రెండో దారి. సైజు ముందే చెప్పక్కర్లేదు. డేటా వస్తున్న కొద్దీ డబ్బా పెరుగుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో ‘వెక్టర్’, జావాలో ‘అర్రేలిస్ట్’, పైథాన్‌లో ‘లిస్ట్’.. ఇవన్నీ ఈ కోవకే చెందుతాయి.

అయితే మెమరీ రబ్బరులా సాగదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. డబ్బా నిండిపోయినప్పుడు లోపల జరిగేది ఇల్లు మారడం లాంటిది. ఇంకా పెద్ద చోటు వెతకాలి. ఉన్న సామానంతా అక్కడికి మోయాలి. పాత ఇల్లు ఖాళీ చేయాలి. 

విశాఖ పోర్టు చరిత్రలోనూ ఇలాంటి మలుపు ఒకటుంది. 1933లో మొదలైన పోర్టు లోపలి హార్బర్‌లో ఉంది. డాల్ఫిన్స్ నోస్ పక్కన ఉన్న ఇరుకు కాలువలోంచి ఓడలు లోపలికి రావాలి. ఇనుప ఖనిజం మోసే ఓడల సైజు పెరిగేసరికి ఆ దారి సరిపోలేదు. దాన్ని ఒక్కో అడుగు వెడల్పు చేస్తూ కూర్చోలేదు. 1976లో ఔటర్ హార్బర్ కట్టారు. పెరగడం అంటే ఒక్కోసారి కొత్త చోట కొత్తగా కట్టడమే.

మరి ఎప్పుడు ఇల్లు మారాలి? ఒక్కో వస్తువు వచ్చినప్పుడల్లా ఒక్క గడి పెంచుకుంటూ పోతే ఏమవుతుందో చూడండి. వెయ్యి వస్తువులు చేర్చేసరికి పాత సామాను మోయడానికే 4,99,500 సార్లు కాపీ చేయాలి. అదే నిండిన ప్రతిసారీ డబ్బాను రెట్టింపు చేస్తే? 1, 2, 4, 8.. అలా 1,024 దాకా వెళ్తుంది. మొత్తం కాపీలు 1,023 మాత్రమే. దాదాపు ఐదు లక్షలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ!

అందుకే లైబ్రరీలు కొంచెం ఎక్కువే తీసుకుంటాయి. జీసీసీ కంపైలర్‌తో వచ్చే వెక్టర్ నిండినప్పుడల్లా రెట్టింపు అవుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల వెక్టర్ ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. జావా అర్రేలిస్ట్ మామూలుగా 10 గడులతో మొదలై, ఒకటిన్నర రెట్ల చొప్పున పెరుగుతుంది. పైథాన్ లిస్ట్ ఇంకా పొదుపు. దాదాపు ఎనిమిదో వంతు మాత్రమే అదనంగా తీసుకుంటుంది. ఎక్కువ తీసుకుంటే మెమరీ వృథా, తక్కువ తీసుకుంటే మోత ఎక్కువ. ఎవరి లెక్క వాళ్లది.

స్టీల్ ప్లాంట్ లాంటి చోట రూల్ వేరు

సగటున చూస్తే పెరిగే డబ్బా బాగానే పనిచేస్తుంది. కానీ సగటు అన్ని చోట్లా చాలదు.

విశాఖ స్టీల్ ప్లాంట్‌లో మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లు ఉన్నాయి. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఫర్నేస్ రాత్రీపగలూ మండుతూనే ఉండాలి. కరిగిన ఇనుము ఎవరి కోసమూ ఆగదు. ఇలాంటి భారీ పరిశ్రమల్లో వాల్వులు, మోటార్లు నడిపించే కంట్రోలర్లకు ప్రతి పనికీ ఒక గడువు ఉంటుంది. కొన్ని మిల్లీసెకన్లలో జవాబు రావాలి. సరిగ్గా అప్పుడే లోపల డబ్బా నిండి, ‘ఒక్క నిమిషం, ఇల్లు మారుతున్నాం’ అంటే కుదరదు. ఇంకా ఘోరం ఏంటంటే, కొత్త చోటు వెతికితే మెమరీ దొరక్కపోవచ్చు కూడా.

అందుకే ప్రాణాలతో, భారీ యంత్రాలతో ముడిపడిన సాఫ్ట్‌వేర్‌లో కట్టుబాట్లు గట్టిగా ఉంటాయి. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసిన గెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో పది రూల్స్ ప్రచురించారు. అందులో మూడోది ఇదే: ప్రోగ్రామ్ మొదలై సర్దుకున్నాక మళ్లీ కొత్తగా మెమరీ అడగకూడదు. ఏది కావాలన్నా ముందే తీసి పెట్టుకోవాలి. కార్లలోని సాఫ్ట్‌వేర్ కోసం పుట్టిన ‘మిస్రా సీ’ నియమాలదీ దాదాపు ఇదే మాట.

అంటే ఫిక్స్‌డ్ సైజు పాతకాలపు పద్ధతేమీ కాదు. ఎంత అవసరమో కచ్చితంగా తెలిసిన చోట, ఆలస్యం పనికిరాని చోట ఇప్పటికీ అదే మొదటి ఛాయిస్. ఆ యంత్రానికి 16 సెన్సర్లే ఉంటే 16 గడులే చాలు. పదిహేడోది ఎక్కడి నుంచో ఊడిపడదు.

15 బైట్ల మధ్యేమార్గం.. అందులో ‘విశాఖ’ సరిగ్గా సరిపోయింది!

ఈ రెండింటి మధ్య ఇంకో దారి కూడా ఉంది. ముందు చిన్న ఫిక్స్‌డ్ గడి ఇవ్వడం, చాలకపోతేనే బయట పెద్ద చోటుకు వెళ్లడం. 

జీసీసీతో వచ్చే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో అక్షరాలు దాచే ‘స్ట్రింగ్’ ఇలాగే పనిచేస్తుంది. 15 బైట్ల లోపు మాటైతే తన జేబులోనే పెట్టుకుంటుంది. బయట మెమరీ అడగదు. ఒక్క బైట్ మించినా సరే, ‘హీప్’ అనే ఉమ్మడి మెమరీలో చోటు తీసుకుంటుంది. చిన్న పేర్లకు వేగం, పెద్ద పేర్లకు చోటు.. రెండూ దొరికినట్లే.

ఇక్కడే తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కావాలి. గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కే. ‘విశాఖ’లో వ, గుడి, శ, దీర్ఘం, ఖ.. మొత్తం ఐదు గుర్తులు. ఐదు మూళ్లు పదిహేను. సరిగ్గా 15 బైట్లు! జేబులో పట్టేసింది.

మరి ‘విశాఖపట్నం’? వ, గుడి, శ, దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్నా. పది గుర్తులు, 30 బైట్లు. జేబులో పట్టదు, బయటికి వెళ్లాల్సిందే. ఇంగ్లీషులో రాస్తే మాత్రం 13 బైట్లే కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. 

ఈ లైబ్రరీలో తెలుగు పేరుకు వచ్చిన నష్టం కాస్త వేగం మాత్రమే. పేరు తెగదు, తప్పు రాదు. మంచి డిజైన్ అంటే ఇదే. ఊహించిన దానికంటే పెద్దది వచ్చినా పని ఆగదు, ఖర్చు కొంచెం పెరుగుతుందంతే.

అన్ని చోట్లా ఇంత మర్యాద ఉండదు!

డేటాబేస్‌లో ఊరి పేరుకు 20 అని సైజు ఇచ్చారనుకోండి. 20 అంటే ఏంటి? మైఎస్‌క్యూఎల్‌లో అది 20 గుర్తులు. విశాఖపట్నం పడుతుంది. ఒరాకిల్‌లో సెట్టింగ్ మార్చకపోతే అది 20 బైట్లు. విశాఖపట్నం పట్టదు, ఎర్రర్ వస్తుంది. అంకె ఒకటే, అర్థం వేరు.

ఇక సొంతంగా రాసుకున్న కోడ్ 20వ బైట్ దగ్గర గుడ్డిగా కోసేస్తే పరిస్థితి ఇంకా దారుణం. ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు పోను, ఏడోది అయిన ‘ట’లో రెండు బైట్లు మాత్రమే మిగులుతాయి. స్క్రీన్ మీద ‘విశాఖప’ అని వచ్చి, పక్కన ప్రశ్నార్థకం లాంటి పిచ్చి గుర్తు కనిపిస్తుంది. 

ఎస్ఎంఎస్ సంగతి కూడా అంతే. ఒక మెసేజ్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలను ఏడు బిట్లలో కుదించి 160 దాకా పంపొచ్చు. తెలుగులో సాధారణంగా ఒక్కో గుర్తుకు రెండు బైట్లు కాబట్టి 70 దగ్గరే ఆగిపోతుంది. తెలుగులో పెట్టిన మెసేజ్ రెండు మూడు ముక్కలుగా వెళ్లడానికి కారణం ఇదే. ఎవరో, ఎక్కడో, ఇంగ్లీషును మనసులో పెట్టుకుని గీసిన గీత ఇది. ఆ గీత ఖర్చు మాత్రం తెలుగులో టైప్ చేసేవాళ్ల మీద పడుతోంది.

శంషాబాద్‌లో చేతిరాత బోర్డింగ్ పాస్‌లు గుర్తున్నాయా?

2024 జులై 19. ప్రపంచవ్యాప్తంగా విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి కుప్పకూలాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో సోషల్ మీడియాలో తెగ వైరల్ అయింది. దాదాపు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది.

అసలు ఏం జరిగిందంటే.. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ మన టైమ్ ప్రకారం ఉదయం 9.39కి ఒక అప్‌డేట్ పంపింది. 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

ఆ తర్వాత కంపెనీయే కారణం బయటపెట్టింది. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఒక కోడ్ 20 గడుల్లో వివరాలు అందిస్తుంది. కొత్త నమూనాలో మాత్రం 21 వివరాలు ఉంటాయని రాసి ఉంది. అంతకుముందు పంపిన ఫైళ్లలో 21వ దాన్ని పట్టించుకోవద్దని ఉండటంతో తేడా బయటపడలేదు. ఆ రోజు ఫైల్ మొదటిసారి 21వ గడిలో ఏముందో చూడమంది. 20 గడులే ఉన్న చోట 21వది ఎక్కడ దొరుకుతుంది? కోడ్ హద్దు దాటి పక్కనున్న మెమరీని చదవబోయింది. విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో అది జరగడంతో కంప్యూటర్ మొత్తం కూలింది.

గమనించాల్సింది ఒకటుంది. 20 అనే ఫిక్స్‌డ్ సైజు దానికదే తప్పు కాదు. ‘ఈ గడి నిజంగా ఉందా?’ అని అడిగే ఒక్క చెక్ లేకపోవడమే తప్పు. ఆ తర్వాత కంపెనీ చేసిన సవరణల్లో ఆ చెక్ కూడా ఉంది.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 1988 నవంబర్‌లో ఇంటర్నెట్‌ను కుదిపేసిన ‘మోరిస్ వార్మ్’ వాడుకున్న దారుల్లో ఒకటి 512 బైట్ల గడి. అందులోకి అంతకంటే ఎక్కువ డేటా తోస్తే అడ్డుకునేవాళ్లు లేరు. ఎంత వస్తోందో చూడకుండా తీసుకునే ‘గెట్స్’ అనే ఫంక్షనే దానికి తలుపు తీసింది. చివరికి 2011 నాటి సీ భాష ప్రమాణంలో దాన్ని పూర్తిగా తీసేశారు. 

చప్పుడు లేకుండా మాయమైన 15,841 కేసులు

కూలిపోతే కనీసం తెలుస్తుంది. తెలియకుండా తెగిపోతే?

2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య ఇంగ్లండ్‌లో 15,841 కరోనా పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లో చేరలేదు. ల్యాబ్‌ల నుంచి వచ్చిన డేటాను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించడమే కారణమని వార్తలొచ్చాయి. ఆ ఫార్మాట్‌లో ఒక షీట్‌కు 65,536 వరుసలే హద్దు. అది దాటిన వరుసలు బయటే ఉండిపోయాయి. పాజిటివ్ వచ్చినవాళ్లకు తమ రిజల్ట్ తెలిసింది. కానీ వాళ్లను కలిసినవాళ్లను వెతికి హెచ్చరించే పని మాత్రం ఆలస్యమైంది. కొత్త ఎక్సెల్ ఫార్మాట్‌లో హద్దు 10,48,576 వరుసలు. అదీ హద్దే, కాకపోతే దూరంగా ఉంది.

వీడియోలు చూసేవాళ్లకు ఇంకో ఉదాహరణ తెలిసే ఉంటుంది. యూట్యూబ్‌లో వ్యూస్ లెక్కపెట్టే గడి ఒకప్పుడు 32 బిట్లది. అందులో పట్టే పెద్ద అంకె 214,74,83,647. ‘గంగ్నమ్ స్టైల్’ పాట 2014లో ఆ హద్దును తాకేసింది. ఆ గడిని 64 బిట్లకు పెంచారు. ఒక్క వీడియోను ప్రపంచంలో అన్నిసార్లు చూస్తారని మొదట కోడ్ రాసినవాళ్లు ఊహించలేదు.

అయితే అన్నింటినీ పెరగనిస్తే సరిపోతుందిగా?

చాలామందికి వచ్చే డౌట్ ఇది. జవాబు.. సరిపోదు.

మొదటి సమస్య, పాత అడ్రస్. డబ్బా నిండి కొత్త చోటుకు మారిందనుకోండి. కోడ్‌లో ఇంకో మూలన పాత చోటు అడ్రస్ రాసి పెట్టుకుని ఉండొచ్చు. అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లాక కూడా కొరియర్ పాత ఇంటికే వెళ్లినట్లు. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటారు. పార్సిల్ వాళ్ల చేతికి చిక్కుతుంది. హ్యాకర్లకు ఇష్టమైన దారి ఇదే. వదిలేసిన మెమరీని మళ్లీ తాకే ఈ రకం తప్పులకు ‘యూజ్ ఆఫ్టర్ ఫ్రీ’ అని పేరు. క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన క్రోమియం ప్రాజెక్ట్ 2020లో ఒక లెక్క చెప్పింది. తీవ్రమైన సెక్యూరిటీ లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులే. అందులో సగం ఈ పాత అడ్రస్ బాపతే. రస్ట్ లాంటి కొత్త భాషలు ఇలాంటి తప్పులను చాలావరకు కోడ్ తయారయ్యే దశలోనే పట్టేసి ఆపేస్తాయి. ఆ భాషలకు డిమాండ్ పెరగడానికి ఇదో కారణం.

రెండో సమస్య, హద్దు లేని అతిథి. ‘ఎంతైనా పంపండి, డబ్బా పెంచుతాం’ అంటే, ఎవడో ఒకడు కావాలనే కొండంత డేటా పంపుతాడు. మెమరీ నిండి సర్వర్ కూర్చుండిపోతుంది. అందుకే ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ మామూలు సెట్టింగ్‌లో ఒక రిక్వెస్ట్‌తో వచ్చే డేటాను 1 ఎంబీ దగ్గర ఆపేస్తుంది. దాటితే ‘చాలా పెద్దది’ అని స్పష్టంగా చెప్పి వెనక్కి పంపుతుంది. గుట్టుచప్పుడు కాకుండా కోసేయదు.

మూడోది, హఠాత్తుగా ఆగడం. లక్షల ఎంట్రీలున్న పట్టికను ఒక్కసారిగా కొత్త చోటుకు మార్చాలంటే అంతసేపూ మిగతా పని ఆగుతుంది. అందుకే రెడిస్ అనే డేటాబేస్ పట్టికను పెంచాల్సి వస్తే అంతా ఒకేసారి మోయదు. పాతది, కొత్తది రెండూ పక్కపక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా తరలిస్తుంది. వాడేవాళ్లకు ఆగినట్లే అనిపించదు.

అంటే పెరిగే డబ్బాకూ ఒక పైహద్దు ఉండాలి. ఫిక్స్‌డ్ గడికీ ఒక కాపలా ఉండాలి. ఫిక్స్‌డా, డైనమిక్కా అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, నిండితే ఏం చేయాలన్న ప్రశ్న అంతకంటే ముఖ్యం.

మరి ఎలా ఎంచుకోవాలి? ఈ ఐదు ప్రశ్నలు చాలు

ఒకటి: పైహద్దు నిజంగా తెలుసా, లేక అనుకుంటున్నారా? వారానికి ఏడు రోజులే, ఏడాదికి 12 నెలలే. అవి మారవు. అక్కడ ఫిక్స్‌డ్ పెట్టేయొచ్చు. మనుషుల పేర్లు, అడ్రస్‌లు, కామెంట్లు అలా కాదు. ఇంటిపేరుతో కలిపి పెద్ద పేర్లున్న తెలుగువాళ్లకు ఫామ్‌లు నింపేటప్పుడు ఇది బాగా తెలుసు. అక్కడ పెరిగే డబ్బానే మేలు.

రెండు: డేటా ఎవరి చేతుల్లోంచి వస్తోంది? మీ కోడ్‌లోంచే వస్తే లెక్క మీ చేతిలో ఉంటుంది. బయటి నుంచి వస్తే దాన్ని నమ్మకూడదు. సైజు ఎంతో చూసి, ఆ తర్వాతే లోపలికి రానివ్వాలి.

మూడు: ఆలస్యమైతే ఏమవుతుంది? ఫోన్‌లో ఫొటో లిస్ట్ కాసింత ఆగితే ఎవరూ పట్టించుకోరు. కారు బ్రేకు ఆగితే ప్రాణం పోతుంది. రెండో రకంలో అయితే కావాల్సిన మెమరీ అంతా ముందే తీసి పెట్టుకోవాలి.

నాలుగు: సైజు దేనితో కొలుస్తున్నారు? బైట్లా, గుర్తులా, కంటికి కనిపించే అక్షరాలా? టెస్ట్ చేసేటప్పుడు ఇంగ్లీషు పేర్లతో సరిపెట్టొద్దు. ‘విశాఖపట్నం’ టైప్ చేసి చూస్తే పది సెకన్లలో బండారం బయటపడుతుంది.

ఐదు: నిండితే ఎవరికి తెలుస్తుంది? గడి నిండితే గట్టిగా చెప్పాలి. డేటా ఎక్కించినవాళ్లకు ఎర్రర్ కనిపించాలి. చెప్పకుండా కోసేసేది, చెప్పకుండా పక్క మెమరీలోకి వెళ్లేది.. రెండూ ప్రమాదమే. 

ఎన్ని కావాలో ముందే అంచనా ఉంటే ఇంకో చిట్కా కూడా ఉంది. సీ ప్లస్ ప్లస్ వెక్టర్‌లో ‘రిజర్వ్’ అని, జావా అర్రేలిస్ట్‌లో మొదటే కెపాసిటీ అని చెప్పే వీలుంది. పెళ్లికి 500 మంది వస్తారని తెలిస్తే ముందే 500 మందికి సరిపడా హాల్ బుక్ చేసుకున్నట్లు. పది మంది ఎక్కువొచ్చినా ఇబ్బంది లేదు, కానీ మాటిమాటికీ హాల్ మార్చే బాధ తప్పుతుంది. లైబ్రరీ రాసేవాళ్లు ఇలాంటి వెసులుబాటు ఇస్తే, సైజు నిర్ణయం అసలు లెక్క తెలిసినవాళ్ల చేతికి వెళ్తుంది.

చివరిగా ఒక్క మాట

విశాఖ స్టీల్ ప్లాంట్ 30 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైంది. తర్వాత 63 లక్షలకు, ఆపైన 73 లక్షలకు పెరిగింది. పెంచిన ప్రతిసారీ ఖర్చయింది, టైమ్ పట్టింది. ఎంత పెంచాలన్నది ముందే లెక్కేసుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో అదే పని కంటికి కనిపించకుండా రోజూ కోట్లసార్లు జరుగుతోంది. 

అక్కడ ఎవరో ఒక ఇంజినీర్ 20 అని టైప్ చేసి, టీ తాగడానికి వెళ్లిపోతాడు. ఆ 20 ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. రేపు రుషికొండలోనో, మరో ఊళ్లోనో కూర్చుని ఆ అంకె వేయబోయే కుర్రాళ్లు ఒక్క క్షణం ఆగి, ఇందులో మా ఊరి పేరు తెలుగులో పడుతుందా అని అడిగితే చాలు. ఆ ఒక్క ప్రశ్నతో రేపు చాలామంది ఫామ్‌లు రిజెక్ట్ కాకుండా ఉంటాయి.